తెలియని చోట తలరాత రాయొద్దు: మనిషి గురించి సైన్సు ఇంకా తేల్చని నాలుగు ప్రశ్నలు

దీక్ష తీసుకున్న మన ఇండ్లకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పెండ్లి భోజనాల కాడనో, చావింటి అరుగు మీదనో ఎవరో ఒక మామ వరసాయన అందుకుంటాడు: 'దేవుడు లేడంటారు గదా అల్లుడూ, మరి మొదటి మనిషిని చేసిందెవురు? లోపలుండే ప్రాణం చచ్చినాక యాడికి పోతుంది? మీ సైన్సోళ్లకు తెలిస్తే చెప్పు చూద్దాం.' మనకు గబుక్కున జవాబు తోచదు. ఆయన గెలిచినట్టు నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వులన్నీ మన పక్కన కూర్చున్న పిల్లలు వింటుంటారు.

ఈ పాఠం ముఖ్యంగా ఆ పిల్లల కోసం. సైన్సుకు అన్నీ తెలుసని చెప్పడం దీని పని కాదు. సైన్సుకు ఇంకా అందని పెద్ద ప్రశ్నలు ఉన్నాయి. వాటిలో నాలుగింటిని ఇక్కడ మామూలు మాటల్లో చెప్పుకుందాం. ఎంత వరకు తెలుసు, ఎక్కడ ఆగింది, ఆగిన చోట మనం ఎట్లా నిలబడాలి అన్నదే పాఠం. నేను కూడా ఆర్ట్స్ చదివినవాణ్ణే కాబట్టి, మీకు తెలియని లెక్కలూ సూత్రాలూ ఇందులో ఉండవు. భయపడకుండా చదవండి.

కారణం తెలియకపోతే నింద ఎవరి మీద పడుతుంది?

ముందు మన ఊరి సంగతే చూద్దాం. కదిరి చుట్టుపక్కల వాన తక్కువని చెప్పేదానికి చదువు అక్కర్లేదు. అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దాపు. ఎందుకింత తక్కువో మన పెద్దలకు తెలియదు. తెలియని చోట కథలు చేరినాయి. వరుణుడికి కోపం వచ్చిందన్నారు. కప్పలకు పెండ్లి చేసినారు, గాడిదలకు పెండ్లి చేసినారు. ఊర్లో ఎవరో తప్పు చేసినారు, అంటు కలిసింది, అందుకే మబ్బు రావడం లేదు అన్నారు. ఆ 'ఎవరో' అని చూపించే వేలు ఎక్కువసార్లు ఏ వాడ వైపు తిరిగేదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కారణం తెలుసు. నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి తేమను మోసుకొస్తాయి. పడమటి కనుమలు ఎక్కేటప్పుడు ఆ తేమలో ఎక్కువ భాగం అవతలి వైపే కురిసిపోతుంది. కనుమలు దిగి మన పీఠభూమికి వచ్చేసరికి గాలి పొడిబారుతుంది. ఈశాన్య గాలులు బంగాళాఖాతం వైపు నుంచి వస్తాయి. కోస్తా దాటి మన దాకా వచ్చేసరికి వాటికీ బలం తగ్గుతుంది. రెండు వానలకూ మనం చివరి బంతి వాళ్లం. దీన్నే వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు.

కారణం తెలిసినంత మాత్రాన వాన పెరగలేదు. కానీ రెండు మేళ్లు జరిగినాయి. ఒకటి, ఏ పాపమూ ఎరగని మనిషి మీద నింద వేయడానికి ఆధారం పోయింది. రెండు, చేయాల్సిన పని కనబడింది. చెక్‌డ్యాములు, ఫారంపాండ్లు, తక్కువ వానకు తట్టుకునే విత్తనాలు వచ్చినాయి. మన కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి శనక్కాయ రకాలు వచ్చింది ఈ దారిలోనే.

ఇంకొక ఉదాహరణ. గుత్తి దాపున ఎర్రగుడి కాడ బండల మీద అశోక చక్రవర్తి చెక్కించిన ధమ్మ శాసనాలు ఉన్నాయి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అనే మాటలు మన సీమ రాళ్ల మీద 2,200 ఏండ్లకు పైగా ఉన్నాయి. కానీ ఆ బ్రాహ్మీ లిపిని చదవడం మధ్యలో దేశమే మరిచిపోయింది. అశోకుడి స్తంభాలను చూసి జనం అవి భీముడి గద అనీ, ఇంకొకటనీ కథలు చెప్పుకున్నారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఒక్కొక్క అక్షరమే పట్టుకుని ఆ లిపిని విప్పినాడు. సింధు నాగరికత ముద్రల మీది రాత మాత్రం ఈ రోజుకీ ఎవరూ ఒప్పుకోదగినట్టు చదవలేదు.

'అది దేవుడికే తెలుసు' అనే మాట తలుపు మూసేస్తుంది. 'ఇంకా తెలియలేదు, వెతుకుదాం' అనే మాట తలుపు తీసిపెడుతుంది. ఈ తేడా మనసులో ఉంచుకుని నాలుగు ప్రశ్నల్లోకి పోదాం.

మొదటి ప్రశ్న: ప్రాణం ఎట్లా మొదలైంది?

భూమి పుట్టి సుమారు 454 కోట్ల ఏండ్లు. ప్రాణమున్న వాటి గుర్తులు కనీసం 350 కోట్ల ఏండ్ల కిందటి రాళ్లలో దొరికినాయి. అవి కంటికి కనబడనంత చిన్న జీవులు. అక్కడి నుంచి చేపల దాకా, కోతుల దాకా, మన దాకా ఎట్లా వచ్చిందో డార్విన్ 1859లో చూపించిన దారి ఉంది. ఆ దారికి సాక్ష్యాలు కుప్పలు తెప్పలు. తెలియనిది ఆ దారికి మొదటి మెట్టు. ప్రాణం లేని పదార్థం నుంచి, తనలాంటి దాన్ని తానే చేసుకునే మొదటి జీవి ఎట్లా వచ్చింది?

వేడి నీళ్లలో, ఎండలో, మెరుపుల్లో రసాయనాలు కలిసి ప్రాణానికి కావాల్సిన ముడిసరుకు తయారై ఉంటుందని 1920లలో రష్యాలో ఒపారిన్, ఇంగ్లండులో హాల్డేన్ విడివిడిగా చెప్పినారు. ఈ హాల్డేన్ తర్వాత 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయినాడు. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి గాజు బుడ్డిలో నీటి ఆవిరి, కొన్ని వాయువులు పెట్టి కరెంటు మెరుపులు పంపినాడు. కొన్ని రోజులకే అమైనో ఆమ్లాలు వచ్చినాయి. మన కండలోని ప్రోటీన్లు వాటితోనే తయారవుతాయి. బెన్ను అనే గ్రహశకలం నుంచి 2023లో భూమికి తెచ్చిన మట్టిని పరీక్షిస్తే, జీవులు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించినారు.

అంటే ఇటుకలు, సున్నం, కంకర సహజంగానే దొరుకుతాయని తేలింది. ఆ సరుకంతా కలిసి ఇల్లు ఎట్లా లేచిందో మాత్రం ఇంకా తేలలేదు. ఏ ల్యాబులోనూ ఇప్పటిదాకా ప్రాణం లేని సరుకు నుంచి మొదలుపెట్టి జీవిని తయారు చేయలేదు. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు, ధైర్యంగా చెప్పండి.

'తెలియదంటే దేవుడే గదా చేసింది' అంటారు. దీనికి బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించిన తర్కం గుర్తు పెట్టుకోండి. దేవుడు ఉన్నదాని నుంచి చేసినాడా, ఏమీ లేని దాని నుంచి చేసినాడా? ఉన్నదాని నుంచి చేసి ఉంటే, ఆ ఉన్నది ఆయన కంటే ముందే ఉంది, దాన్ని ఆయన పుట్టించలేదు. ఏమీ లేని దాని నుంచి ఏదైనా వస్తుందా? దేవుడనే పేరు పెట్టడం వల్ల ప్రశ్నకు జవాబు రాలేదు, ప్రశ్న ఇంకో అడుగు వెనక్కి జరిగింది, అంతే.

రెండో ప్రశ్న: మన నేల మీద మొదట నడిచిన మనుషులు ఎవరు?

ఇప్పటిదాకా దొరికిన వాటిలో మనలాంటి మనిషి పాత ఎముకలు ఆఫ్రికాలోని మొరాకోలో ఉన్నాయి. అవి సుమారు 3 లక్షల ఏండ్ల కిందటివని 2017లో ప్రకటించినారు. ఆఫ్రికా నుంచే మనుషులు లోకమంతా పరుచుకున్నారన్న దానికి డీఎన్ఏ సాక్ష్యం గట్టిగా ఉంది. మరి మన దక్కను పీఠభూమికి ఎప్పుడు వచ్చినారు?

దీనికి సాక్ష్యం వెతికే ముఖ్యమైన చోటు మనకు దూరం కాదు. కదిరి నుంచి ఉత్తరానికి, తాడిపత్రి దాటి పోతే నంద్యాల జిల్లా బనగానపల్లె దాపున జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ జుర్రేరు లోయలో నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. ఆ బూడిద ఇండోనేషియాలోని సుమత్రా దీవిది. సుమారు 74,000 ఏండ్ల కింద అక్కడ టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచి సముద్రం దాటి వచ్చి మన సీమలో పడింది. ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్, ఇంగ్లండు నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల తోటివాళ్లు అక్కడ తవ్వినారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి, పైన కూడా ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే తీరు. అంత పెద్ద ఉపద్రవం వచ్చినా ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టినారని వాళ్లు 2007లో రాసినారు.

అయితే ఆ పనిముట్లు చేసిన చేతులు ఎవరివి? మనలాంటి మనుషులవా, అంతకు ముందున్న వేరే మానవ జాతివా? అక్కడ ఆ కాలపు ఎముక ఒక్కటీ దొరకలేదు. దేశం మొత్తంలోనే అటువంటి పాత ఎముకలు చాలా అరుదు. 1982లో నర్మదా నది ఒడ్డున హథ్నోరాలో దొరికిన పుర్రె ముక్కే పెద్ద ఆధారం. కాబట్టి శాస్త్రవేత్తలు రెండు పక్షాలుగా ఇంకా వాదించుకుంటున్నారు. జ్వాలాపురంలోనే ఇంకొక రాతి గుడిసె లాంటి చోట సుమారు 35,000 ఏండ్ల నుంచి మనుషులు వరుసగా ఉన్న ఆనవాళ్లు దొరికినాయి. అంతకు ముందు సంగతే తేలాల్సి ఉంది.

ఇంకో సంగతి చూడండి. ఆఫ్రికా బయట ఉండే మనందరి డీఎన్ఏలో 2 శాతం దాపు నియాండర్తాల్ అనే వేరే మానవ జాతిది కలిసి ఉంది. దీన్ని పాత ఎముకల నుంచి చదివి చూపినందుకే స్వాంటే పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. 'మా వంశం కలుషితం కాలేదు' అని మీసం దువ్వే ఆయన ఒంట్లోనూ ఆ పాలు ఉంది, ఆయన ఇంటి ముందర చెప్పులు విడవమన్న మనిషి ఒంట్లోనూ ఉంది. నేల మీద మొదట నడిచింది ఎవరో తేలలేదు గానీ, ఎవరూ ఎవరి తలలో నుంచో పాదాల నుంచో పుట్టలేదని మాత్రం బాగా తేలింది.

మూడో ప్రశ్న: 'నేను' అనేది ఏమిటి?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. చూపు ఏ భాగంలో పనిచేస్తుంది, మాట ఏ భాగంలో తయారవుతుంది అనేది చాలావరకు తెలుసు. కానీ ఈ కణాల కదలిక నుంచి 'నాకు నొప్పిగా ఉంది', 'నాకు మా అమ్మ గుర్తొస్తోంది' అనే అనుభవం ఎట్లా పుడుతుంది? దీన్నే చైతన్యం ప్రశ్న అంటారు.

1998లో క్రిస్టాఫ్ కోక్ అనే శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త దీని మీద పందెం కట్టుకున్నారు. 25 ఏండ్లలో మెదడులో చైతన్యానికి కారణమైన గుర్తును స్పష్టంగా పట్టుకుంటామని కోక్ అన్నాడు. కాదన్నాడు చామర్స్. 2023లో న్యూయార్క్ సభలో కోక్ అందరి ముందరా ఓడిపోయినానని ఒప్పుకుని పందెం చెల్లించినాడు. ఓటమి ఒప్పుకున్నందుకు ఆయన పరువు పోలేదు, ఆయన పరిశోధనా ఆగలేదు. మన చుట్టూ ఉన్న బాబాలు, స్వాముల్లో ఎవరైనా ఇట్లా 'నేను చెప్పింది జరగలేదు' అని సభలో ఒప్పుకున్నారా? ఆలోచించండి.

పూర్తిగా తెలియదంటే ఏమీ తెలియదని కాదు. చెయ్యి తెగిపోయిన మనిషికి లేని చేతిలో నొప్పి పుడుతుంది. వెనకటి రోజుల్లో దీన్ని గాలి, దయ్యం అనేవాళ్లు. మన తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ ఒక మామూలు అద్దం తీసుకుని, ఉన్న చేతిని లేని చేతి చోట కనబడేటట్టు చేసి, కొందరికి ఆ నొప్పి తగ్గించినాడు. మెదడు తనలో గీసుకున్న ఒంటి పటమే ఆ నొప్పికి మూలమని చూపించినాడు. మూర్ఛ కూడా అంతే. మెదడులో కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చే జబ్బు అది. అమ్మలారా, బిడ్డకు మూర్ఛ వస్తే పొగ పెట్టించొద్దు, తాయెత్తు కట్టించి ఊరుకోవద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. చైతన్యం అంటే ఏమిటో తేలేదాకా మూర్ఛకు మందు ఆగాల్సిన పని లేదు.

మన ధమ్మం ఇక్కడ ఏమంటుంది? రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు కలిస్తే మనిషి. వీటి వెనక మార్పు లేని ఆత్మ ఒకటి కూర్చుని లేదు. దీన్నే అనత్త అంటాం. ఆత్మ లేకపోతే ఒక ఒంట్లో నుంచి ఇంకో ఒంట్లోకి దూకేది ఏముంది? చనిపోయినాక ఒంటిలోని ధాతువులు ప్రకృతిలోని ధాతువుల్లో కలుస్తాయని బాబాసాహెబ్ వివరించినారు. పోయిన జన్మ పాపమే ఈ జన్మ కులం అనే మాటను ఆయన బుద్ధుడి ధమ్మం కాదని తోసిపుచ్చినారు.

ఒక జాగ్రత్త. 'ఇప్పటి సైన్సంతా బుద్ధుడు అప్పుడే చెప్పేసినాడు' అని మాత్రం మనం అనొద్దు. అన్నీ మా వేదాల్లోనే ఉన్నాయష అనే వాళ్ల దారే అది. బుద్ధుడు ల్యాబు పెట్టలేదు. ఆయన ఇచ్చింది చూసే పద్ధతి. కేసపుత్త ఊరి కాలాములకు ఆయన చెప్పింది అదే: పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, గురువు చెప్పినాడని నమ్మొద్దు, మంచి చెడ్డలు మీరే పరీక్షించి తెలుసుకోండి అన్నాడు.

నాలుగో ప్రశ్న: కలిసి బతికిన మనుషులు ఎప్పుడు, ఎందుకు విడిపోయినారు?

ఇది మన ప్రశ్న. మన ఒంటి మీద, మన ఇంటి మీద రాసిన ప్రశ్న.

1916 మే 9న, 25 ఏండ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 'భారతదేశంలో కులాలు' అనే పత్రం చదివినారు. కులానికి ప్రాణం రంగులో, రక్తంలో, వృత్తిలో లేదు, తమలో తామే పెండ్లి చేసుకోవాలనే కట్టుబాటులో ఉంది అన్నారు. బయటి పెండ్లి మామూలుగా ఉన్న సమాజం మీద లోపలి పెండ్లిని రుద్దితేనే కులం పుట్టింది అన్నారు. ఆ కట్టుబాటు నిలబడాలంటే భర్త చనిపోయిన ఆడమనిషిని ఏం చేయాలి? బయటివాణ్ణి చేసుకోకుండా ఆపాలి. సతి, విధవగా బతుకంతా ఉంచడం, పసిపిల్లల పెండ్లిళ్లు వచ్చింది అందుకే అని ఆయన విప్పి చెప్పినారు.

మన కదిరి దాపున తిమ్మమ్మ మర్రిమాను ఉంది గదా. సుమారు 5 ఎకరాల్లో పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ అనే ఆవిడ భర్త చితిలో కాలిపోయిందని, చితికి పాతిన గుంజ చిగురించి ఈ మాను అయిందని కథ చెప్తారు. ఈసారి అక్కడికి పోయినప్పుడు ఊడల కింద నిలబడి మీ పిల్లలకు ఆ కథతో పాటు 1916 నాటి పత్రం సంగతి కూడా చెప్పండి. చెట్టు గొప్పదే. ఒక ఆడబిడ్డ కాలిపోవడాన్ని పుణ్యమని ఎవరు నేర్పినారు, ఎందుకు నేర్పినారు అని కూడా అడగనివ్వండి. మనుషుల కులమేమిటని నిలదీసిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా ఇక్కడికి దగ్గరే. అడగడం మన నేలకు కొత్త కాదు.

బాబాసాహెబ్ ఆ పత్రం చదివిన 90 ఏండ్లకు పైగా గడిచినాక డీఎన్ఏ సాక్ష్యం వచ్చింది. హైదరాబాదులోని సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో ఒక పరిశోధన ప్రకటించినారు. దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయిక అని తేల్చినారు. అగ్రకులమైనా, మన కులమైనా, కొండ మీది గిరిజనులైనా పాళ్లు తేడాగా ఉంటాయి గానీ కలయిక అందరిలోనూ ఉంది. 2013లో 73 సమూహాల మీద చేసిన ఇంకో పరిశోధన ఈ కలయిక సుమారు 4,200 ఏండ్ల కింది నుంచి 1,900 ఏండ్ల కింది దాకా జోరుగా సాగిందని చెప్పింది. తర్వాత ఆగిపోయింది. ఎవరి పెండ్లిళ్లు వాళ్లలోనే గిరిగీసుకున్నాయి. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జాతీయ సంస్థ 2016లో చేసిన పరిశోధన, పై కులాల్లో ఈ తలుపు సుమారు 70 తరాల కింద, బహుశా గుప్త రాజుల కాలంలో పడిందని అంది.

మన చేన్లలోని శనక్కాయ సంగతి తెలుసా? అది దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క. సముద్రాలు దాటి వచ్చి మన బతుకుతెరువయింది. కలిసినందువల్ల అది చెడిపోలేదు, పంట అయింది. మనుషులు కూడా కలిసే పుట్టినారు.

ఇక తేలనిది ఏమిటంటే: ఆ తలుపు ఎందుకు పడింది? రాజుల శాసనమా, శాస్త్రాల బలమా, భూమి మీద పెత్తనమా, అన్నీ కలిసా? ఊరూరా ఒకేసారి పడిందా, మెల్లమెల్లగానా? డీఎన్ఏ ఎప్పుడు అనేది చెప్తుంది, ఎందుకు అనేది చెప్పలేదు. అంటరానితనం సుమారు సామాన్య శకం 400 ప్రాంతంలో మొదలైందని, బౌద్ధాన్ని వదలని వాళ్ల మీద అది పడిందని 1948 నాటి గ్రంథంలో బాబాసాహెబ్ ఒక ప్రతిపాదన చేసినారు. దాన్ని ఆయన ప్రతిపాదనగానే పెట్టినారు, దైవవాక్కుగా పెట్టలేదు. పెండ్లి కట్టుబాటు వేరు, అంటరానితనం వేరు కాబట్టి 70 తరాల లెక్క చూపి 'ఋజువైపోయింది' అని మనం తొందరపడొద్దు. మన పిల్లల్లో చరిత్ర, జన్యుశాస్త్రం చదివేవాళ్లు రావాలి. ఈ ప్రశ్నను వాళ్లు తేల్చాలి.

అయితే ఒక సంగతి ఇప్పటికే తేలింది. మొదలైన తేదీ ఉన్నది సనాతనం కాదు. మొదలైనది ఆగుతుంది కూడా. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు ఇద్దరు బ్రాహ్మణ యువకులకు ఈ సంగతే చెప్పినాడు. గడ్డికి, చెట్లకు, పురుగులకు, పాములకు, చేపలకు, పక్షులకు పుట్టుకతో జాతి గుర్తులు వేరువేరుగా ఉన్నాయి. మనుషుల్లో అట్లాంటి గుర్తు కన్నులోగాని, చెవిలోగాని, చేతిలోగాని లేదు. మనుషులకు ఉన్న తేడా పేరులో ఉన్న తేడా.

బాణం ముందు తీయాలి

మాలుంక్యపుత్తుడనే భిక్షువు బుద్ధుణ్ణి పది ప్రశ్నలు అడిగినాడు. లోకం శాశ్వతమా, కాదా? దానికి అంచు ఉందా, లేదా? జీవుడూ దేహమూ ఒకటా, వేరా? తథాగతుడు మరణం తర్వాత ఉంటాడా, ఉండడా? ఇట్లాంటివి. జవాబు చెప్పకపోతే చీవరం వదిలి పోతానన్నాడు. బుద్ధుడు కథ అల్లలేదు. విషం పూసిన బాణం తగిలిన మనిషి సంగతి చెప్పినాడు. వైద్యుడు బాణం తీయబోతే ఆ మనిషి, కొట్టినవాడు క్షత్రియుడా, బ్రాహ్మణుడా, వైశ్యుడా, శూద్రుడా తెలియాలి, వాడి పేరు, రంగు, ఊరు తెలియాలి, అప్పటిదాకా తీయనివ్వను అంటాడు. జవాబులు తెలిసే లోపల చచ్చిపోతాడు.

గమనించినారా, బాణం తగిలినవాడు మొదట అడిగేది కొట్టినవాడి కులం! చావు మీదికొచ్చినా వదలని జబ్బు అది.

ఆ పది ప్రశ్నలను అవ్యాకతాలు అంటారు, అంటే వివరించక పక్కన పెట్టినవి. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, అది పోతుంది, పోయే దారి ఉంది అనేవి మాత్రం బుద్ధుడు వివరించినాడు. సైన్సు వద్దని దీని అర్థం కాదు. సైన్సు ప్రశ్నలు సాగుతూనే ఉండాలి. ఆ జవాబుల కోసం మన పని ఆగకూడదు.

మన సీమలో బాణాలు కొదవా? బోరు ఎండి, అప్పు పెరిగి, రైతు ప్రాణం తీసుకుంటే 'తలరాత' అంటారు. తలరాత అంటే అప్పుకూ, ధరకూ, రాని బీమాకూ ఎవరూ బాధ్యులు కానట్టే. పని లేక పిల్లా జెల్లాతో బెంగళూరు బండెక్కితే 'కర్మ' అంటారు. వాడలో బిడ్డ పుడితే 'పోయిన జన్మ పాపం' అంటారు. మొదటి జీవి ఎట్లా పుట్టిందో తెలియకపోయినా, వీటికి కారణాలు తెలుసు. తెలిసిన కారణాన్ని తెలియదని నటించడమే అసలు అజ్ఞానం.

ఇంట్లో పాటించాల్సినవి

ఒకటి. పిల్లలు అడిగితే 'నోరు మూసుకో' అనొద్దు. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే 'నాకు తెలియదు, కలిసి తెలుసుకుందాం' అనండి. ఆ మాట అనగలిగే తల్లిదండ్రులు చిన్నబోరు.

రెండు. ఎవరైనా ఒక కారణం చెప్తే మూడు అడగండి. ఎట్లా తెలిసింది? తప్పయితే ఎట్లా తెలుస్తుంది? ఇది నమ్మితే ఎవరికి లాభం? ఈ మూడూ మన సభల్లో చెప్పే మాటలకు కూడా వర్తిస్తాయి. ఈ పాఠానికి కూడా వర్తిస్తాయి.

మూడు. జబ్బుకు, చావుకు, పంట నష్టానికి 'బుద్ధుణ్ణి పట్టుకున్నందుకే ఇట్లయింది' అనే మాట వస్తుంది. దీక్ష తీసుకోని ఇండ్లలో జబ్బులు లేవా, చావులు లేవా అని నిదానంగా అడగండి. ఏడ్చే మనిషి దగ్గర మాత్రం వాదన పెట్టుకోవద్దు. పక్కన కూర్చోండి, వంట చేసి పెట్టండి. కరుణ ముందు, వాదన తర్వాత.

నాలుగు. పదో తరగతి దాటిన ఆడపిల్లనైనా, మగపిల్లోణ్ణయినా సైన్సు చదువుతానంటే ఆపొద్దు. ఈ నాలుగు ప్రశ్నల్లో ఒకదానికి జవాబు మన కదిరి పిల్లల చేతి నుంచి రాకూడదని ఎక్కడా రాసి లేదు.

ఆదివారం విహారంలో చర్చకు

1. మీ ఊర్లో కారణం తెలియక ఎవరి మీదైనా నింద వేసిన సంగతి గుర్తుందా? అసలు కారణం ఏమై ఉంటుంది?

2. జ్వాలాపురంలో బూడిద కింద, పైన ఒకే తీరు పనిముట్లు దొరికినాయి. దీన్ని బట్టి మనం ఏమి చెప్పవచ్చు? ఏమి చెప్పకూడదు?

3. బాబాసాహెబ్ 1916లో చెప్పిన దానికీ, 2013లో డీఎన్ఏ చూపిన దానికీ ఎక్కడ కలుస్తుంది? డీఎన్ఏ చెప్పలేనిది ఏమిటి?

4. మీ ఇంట్లో ఈ రోజు ముందు తీయాల్సిన బాణం ఏది?

నాలుగో దానికి జవాబు పెద్దగా చెప్పనక్కర్లేదు. ఇంటికి పోయి పని మొదలుపెడితే చాలు.

జై భీమ్! నమో బుద్ధాయ!